పాఠం చెప్పబోయిన కాలనౌక

లండన్ పాఠశాలలో సైన్సు చెప్పే ఇయాన్ చెస్టర్టన్, చరిత్ర చెప్పే బార్బరా రైట్ తమ విద్యార్థిని ఒకతె వింత ప్రవర్తనకు కారణం తెలిసికొనగోరి ఆమె వెంట పోతారు. పోలీసు పెట్టెవలె కనిపించే కాలనౌకలో చిక్కి, ఆమెతోను ఆమె తాతతోను రాతియుగంలో తేలుతారు. బి.బి.సి. టెలివిజన్‌లో 1963 నవంబరు 23న ప్రారంభమయిన 'డాక్టర్ హూ' అనే శాస్త్ర కల్పనా ధారావాహికకు ఇది తొలి కథ.

ఉపాధ్యాయులను పాత్రలుగా ఎన్నుకొనటం యాదృచ్ఛికం కాదు. గతానికి పోయినప్పుడు చరిత్ర, భవిష్యత్తుకు, ఇతర గ్రహాలకు పోయినప్పుడు సైన్సు పిల్లలకు వినోదంతోపాటు అందవలెనని నిర్వాహకుల సంకల్పం. గుడ్లు మిటకరించే వింత జంతువులు వద్దని నాటక విభాగాధిపతి సిడ్నీ న్యూమన్ ఖచ్చితంగా చెప్పినాడు.

ఈ సంకల్పం చక్కగా నెరవేరిన కథ 1964లో వచ్చిన 'మార్కోపోలో'. (దీనిలో అధికభాగానికి, మొట్టమొదటి కథకు దర్శకుడు లక్నోలో జన్మించిన వారిస్ హుసేన్.) గోబీ ఎడారిలో ఒక ద్రోహి ప్రయాణికుల నీటిని నేలపాలు చేస్తాడు. రాత్రి చలికి కాలనౌక లోపలి గోడలకు నీటి బిందువులు పట్టి, ప్రాణాలు నిలుస్తాయి. నీరు దాచుకొన్నారని మార్కోపోలో నిందించగా, గాలిలోని ఆవిరి చల్లని తలంమీద నీరుగా మారుతుందని ఇయాన్ వివరిస్తాడు. మూసిన గదిలో దొరికే నీరు అందులోని గాలి మోసే ఆవిరికి మించదు. కాబట్టి దాహం తీరటం కొంత అతిశయోక్తే. అయినా చన్నీటి చెంబుకు చెమ్మ పట్టటం ఎరిగిన బాలునికి విషయం ఇట్టే బోధపడుతుంది.

అంతకు కొద్ది వారాల ముందే టెర్రీ నేషన్ సృష్టించిన డాలెక్కులు వచ్చినవి. న్యూట్రాన్ బాంబు యుద్ధంలో పాడుపడిన గ్రహంమీద, లోహపు కవచాలలో బ్రతికే వికృత జీవులివి. న్యూమన్‌కు నచ్చలేదు, పిల్లలు మాత్రం వెర్రిగా మెచ్చుకొన్నారు. ఇవి లోహపు నేలనుండి స్థిర విద్యుత్తును గ్రహించి కదులుతాయట. ఒకదాని క్రిందికి బట్ట లాగి, నేలతో సంబంధం తెంచి, బందీలు తప్పించుకొంటారు. విద్యుద్బంధకం చేసే పనిని ఇంతకంటె కంటికి కట్టినట్లు చూపటం కష్టం. కాని స్థిర విద్యుత్తు యంత్రాన్ని ఎడతెగక ఎట్లు నడపగలదు? ప్రవాహానికి పూర్తి వలయం కావలె. నేలతో ఒక్క స్పర్శ చాలదు. ఉపాయం సైన్సే, దానికి ఆధారం మంత్రం.

ఉపాధ్యాయులిద్దరూ 1965 జూన్‌లో కథనుండి సెలవు తీసికొన్నారు. 1967 తరువాత శుద్ధ చారిత్రక కథలు దాదాపు ఆగిపోయినవి. ఇక మిగిలినది వింత జంతువుల వేటేనంటే అన్యాయమవుతుంది. లండన్‌లో నేత్రవైద్య పరిశోధకుడయిన కిట్ పెడ్లర్ 1966లో జెర్రీ డేవిస్‌తో కలిసి సైబర్‌మెన్‌ను సృష్టించినాడు. వీరు అవయవాలను ఒక్కొక్కటిగా యంత్రాలతో మార్చుకొని, చివరకు దయను, దుఃఖాన్ని కూడ తీసివేసికొన్నవారు. ఎంత మార్చినంతవరకు మనిషి మనిషి? మానవునికి మానవుని గుండె అమర్చటం జరిగినది ఆ మరుసటి సంవత్సరం, 1967 డిసెంబరులో.

అదే కథలో వారి గ్రహం, భూమికి కవల అయిన మోండాస్, భూమిని సమీపిస్తుంది. భూమి ద్రవ్యరాశి చంద్రునికి సుమారు 81 రెట్లు. అంతటి గ్రహం చంద్రుడున్న దూరానికి వచ్చినా చాలు, సముద్రపు పోట్లు రేవులను ముంచివేయవలె. కథ ఆ జోలికే పోదు. వైద్యుని కథలో శరీరశాస్త్రం లోతుగాను, ఖగోళం తేలికగాను ఉండటం వింత కాదు.

ధారావాహిక 1989లో ఆగి, 2005లో మళ్లీ మొదలయినది. పాఠం అంత చక్కగా కుదిరిన 'మార్కోపోలో' టేపులను మాత్రం బి.బి.సి. చాలాకాలం క్రితమే చెరిపివేసినది. ఇళ్లలో ప్రేక్షకులు పట్టుకొన్న ధ్వనిముద్రణవల్ల ఇయాన్ చెప్పిన నీటి పాఠం నేటికీ వినవచ్చును.