తెలుగు తెరపై ముఠాల ఆధిపత్య పోరు

ముఠా పెత్తనం ఎవరి చేతిలో ఉండాలన్న తగవు చుట్టూ అల్లిన నేరకథా చిత్రాలు తెలుగులో 1980ల చివర ఒక ప్రత్యేక కోవగా నిలదొక్కుకున్నాయి. ‘సమరసింహారెడ్డి’ (1999)తో ఊపందుకున్న ఫ్యాక్షన్ చిత్రాలతో వీటిని కలిపి చూడటం పొరపాటు. ఫ్యాక్షన్ కథలో పగ వంశానిది, ఊరిది. ముఠా కథ పట్నానిది. ఇందులో మనుషులను కూడగట్టినవాడికి, వెనక రాజకీయ నేత అండ ఉన్నవాడికి పెత్తనం దక్కుతుంది. ఆ అండ తప్పిన రోజే పతనం మొదలవుతుంది.

అంతకుముందు రౌడీ కథలు లేకపోలేదు. టి.కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ (1985) రౌడీ చట్టసభకు ఎక్కే తీరును ఎండగట్టింది. అయితే ముఠా లోపలి లెక్కలు దానికి పట్టలేదు. హాలీవుడ్ చిత్రం ‘ది గాడ్‌ఫాదర్’ (1972) ప్రభావం మణిరత్నం తమిళ చిత్రం మీదుగా 1987లో ‘నాయకుడు’ అనే అనువాద రూపంలో తెలుగు ప్రేక్షకులకు చేరింది.

ఈ కోవకు అసలైన నేల విజయవాడ. రవాణా కార్మిక సంఘాలు, కాలేజీల్లోని విద్యార్థి సంఘాలు ఆధారంగా 1970ల నుంచి అక్కడ వంగవీటి, దేవినేని వర్గాల మధ్య పోరు సాగింది. 1988 డిసెంబరు 26న శాసనసభ్యుడు వంగవీటి మోహన రంగా నిరాహార దీక్షలో ఉండగా హత్యకు గురయ్యారు. కోస్తా జిల్లాలు అల్లర్లతో అట్టుడికాయి. విజయవాడలోనే సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ తన తొలి చిత్రం ‘శివ’ను 1989 అక్టోబరు 5న విడుదల చేశాడు.

అందులో శివగా నటించిన నాగార్జున సైకిల్ చైను లాగి చేతికి చుట్టుకునే దృశ్యం అందరికీ గుర్తే. అన్న కూతురిని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శివ సందుల్లో పారిపోతుంటే స్టెడీకామ్ కెమెరా వెంటాడుతుంది. ఆ పరుగులో ప్రేక్షకుడికీ ఊపిరి ఆడదు. కానీ కథకు ఇరుసు ఇవేవీ కావు. తనికెళ్ళ భరణి మాటలు రాసిన ఈ చిత్రంలో భవానీ (రఘువరన్) గొంతు పెంచడు, దాదాలా కండలు చూపడు. అతని బలమంతా మాచిరాజు (కోట శ్రీనివాసరావు) అనే రాజకీయ నాయకుడి నీడ. శివ బలం పుంజుకుంటున్నాడని పసిగట్టగానే మాచిరాజు అటు మొగ్గుతాడు. భవానీ ఒంటరివాడవుతాడు. తెలుగు ముఠా చిత్రాలు తర్వాత ఎన్ని వచ్చినా ఈ మలుపును అంత నిబ్బరంగా చూపినవి అరుదు.

వర్మ తీసిన ‘గాయం’ (1993) ఈ పోరును మరింత దగ్గరగా చూసింది. మణిరత్నం కథ ఇచ్చాడు, బదులుగా వర్మ ఆయన ‘దొంగా దొంగా’ రచనలో చేయి వేశాడు. పోసాని కృష్ణమురళి మాటలు రాశాడు. అన్న హత్యతో ముఠాలోకి దిగిన దుర్గ (జగపతిబాబు), తెలంగాణ యాసలో ప్రతిదాన్నీ ‘ఖండించే’ గురునారాయణ (కోట) ఎదురెదురుగా నిలుస్తారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి స్వయంగా తెరపైకి వచ్చి మంటల మధ్య నడిచే పాట, ఆ పోరుకు నగరం చెల్లించిన మూల్యాన్ని ముందుకు తెస్తుంది.

అక్కడి నుంచి ఈ కోవ ముంబయికి వెళ్ళింది. 1998 జులై 3న విడుదలైన వర్మ హిందీ చిత్రం ‘సత్య’లో ప్రధాన పాత్రధారి జె.డి.చక్రవర్తి. ‘శివ’లో వేసిన జేడీ పాత్ర పేరే ఆయన తెరపేరైంది. ‘సత్య’లో ప్రత్యర్థి పేరు కూడా గురు నారాయణ్. అతణ్ణి చంపవద్దన్న రాజకీయ నేత భావూ మాటను ముఠా నాయకుడు భీకూ మాత్రే (మనోజ్ బాజ్‌పాయ్) పెడచెవిన పెడతాడు. ఎన్నికల్లో గెలిచిన భావూ సంబరాల నడుమ భీకూను కాల్చేస్తాడు. అవసరం తీరిన రౌడీని నేత వదిలించుకునే ఈ తీరు విజయవాడ కథల నుంచి వచ్చిందే. బాజ్‌పాయ్‌కి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ పురస్కారం దక్కింది.

2000 తర్వాత ఫ్యాక్షన్ చిత్రాలు ఈ కోవను కొంతకాలం మరుగుపరిచాయి. కోల్‌కతా నేపథ్యంలో ‘పంజా’ (2011), ముంబయి నేపథ్యంలో ‘బిజినెస్‌మేన్’ (2012) వచ్చాయి. వర్మ 2016లో ‘వంగవీటి’తో అసలు పేర్లతోనే విజయవాడకు తిరిగి వచ్చాడు. ‘సాహో’ (2019)లో వాజీ అనే ఊహానగరంలో, చనిపోయిన ముఠా అధినేత కుర్చీ కోసం పోటీ జరుగుతుంది. ‘శివ’లో మాచిరాజు ఉన్న చోట ఇక్కడ వ్యాపార సామ్రాజ్యం నిలిచింది, కుర్చీ కొడుకు హక్కుగా మారింది.