నాడు నుంచి మండలం దాకా

వెలనాటి వాళ్లమని, వేగినాటి వాళ్లమని, ములకనాటి వాళ్లమని చెప్పుకునే బ్రాహ్మణ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ వెలనాడు ఏ కలెక్టరు కింద ఉందని అడిగితే మాత్రం జవాబుండదు. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు ఏలిన ఆ సీమ ఇప్పుడు పటంలో లేదు, పెళ్లి సంబంధాల మాటల్లో ఉంది. కలెక్టర్లు గీసిన గీతల్లో ఇంత ఆయుష్షు దేనికీ దక్కలేదు.

అంతకన్నా పాత ఆనవాళ్లు శాసనాల్లో ఉన్నాయి. శాతవాహనుల రాజ్యంలో ప్రాంతాన్ని ఆహారం అనేవారు. ఆదోని దగ్గరి మ్యాకదోని శాసనం శాతవాహనిహారాన్నీ, దాన్ని ఏలుతున్న మహాసేనాపతినీ, ఊరి మీదున్న గుల్మికుణ్ణీ చెబుతుంది. పై నుంచి కింది దాకా పెత్తనమంతా సైనికులదేనన్నమాట. ఆ తరవాతి రాజుల కాలంలో విషయాలు, నాడులు కనిపిస్తాయి. వేంగినాడు, కమ్మనాడు, పాకనాడు, రేనాడు, పల్నాడు ఆ కోవలోవే. కాకతీయుల శాసనాల్లో స్థలాలు, విజయనగర కాలంలో రాజ్యాలు, సీమలు వచ్చాయి. కొండవీడు, ఉదయగిరి అప్పట్లో రాజ్యాలే.

గోల్కొండ కాలం నుంచి మాటలే మారిపోయాయి. సర్కారు, పరగణా వచ్చి కూర్చున్నాయి. ఈనాటికీ మనం వాడే జిల్లా అరబ్బీ మాట, దానికి పక్క, పక్కటెముక అని అర్థం. తాలూకా అంటే సంబంధం, తహసీలు అంటే వసూలు. తహసీల్దారు ఎందుకున్నాడో ఆయన పేరే చెబుతుంది.

శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్ల కోసం ఈస్టిండియా కంపెనీ 1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం సంపాదించింది. గుంటూరు మాత్రం 1788 దాకా చేతికి రాలేదు. 1794లో మద్రాసు ప్రభుత్వం పాత కౌన్సిళ్లను ఎత్తేసి కలెక్టర్లను దించింది. నిజాం 1800లో వదిలేసుకున్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. ఆ దత్తమండలాల పేరు నచ్చకే 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. సీమ అన్న పాత మాట అలా తిరిగొచ్చింది.

కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన మరుసటేడు, 1859లో, గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. దాంతో పల్నాట మాచర్ల మనిషికి జిల్లా కేంద్రం సముద్రపుటొడ్డున బందరయింది! గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడింది 1904లో. పశ్చిమ గోదావరి పేరు చూసి అది నేరుగా గోదావరి జిల్లా నుంచి విడివడిందనుకుంటాం. 1925లో దాన్ని విడదీసింది కృష్ణా జిల్లా నుంచి.

నిజాం రాజ్యంలో సాలార్ జంగ్ 1865లో జిల్లాబందీ అమలు చేశాడు. అక్కడ కలెక్టరు లాంటి అధికారిని అవ్వల్ తాలూకాదార్ అనేవారు. బ్రిటిషు వైపు తాలూకా జిల్లాలో ఒక ముక్క, నిజాం వైపు తాలూకాదారు జిల్లాకే పెద్ద. అయితే రెండు చోట్లా ఆ గీతలు గీసింది శిస్తు వసూలుకే. ఊరి మనిషి ఆఫీసుకు చేరడానికి ఎంత దూరం నడవాలో కొలిచినవాళ్లు నాకైతే కనిపించరు.

ఆ లెక్క గట్టిగా మొదలైంది 1985లో. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసేసి వెయ్యికి పైగా మండలాలు చేసింది. కుల సర్టిఫికెట్టు కోసం తాలూకా ఆఫీసుకు బయలుదేరితే ఆ రోజు కూలి పోయినట్టే ఉండేది. మండలంతో ఆ పని పూటలో అయ్యే వీలొచ్చింది. తహసీల్దారు పేరు మండల రెవెన్యూ అధికారిగా మారింది, తరవాత ప్రభుత్వం మళ్లీ తహసీల్దారనే అంది గానీ జనం నోట ఇంకా ఎమ్మార్వోనే.

తెలంగాణలో 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. ఇక్కడ లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలతగా పెట్టుకున్నారు, అరకును మాత్రం రెండు చేశారు. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా పుట్టింది. పాత నాడుల్లో ఇదొక్కటైనా కలెక్టరేటు బోర్డు మీదికి ఎక్కింది.

అన్నిటికన్నా వింత భద్రాచలానిది. 1860లో నిజాం నుంచి బ్రిటిషు చేతికి వెళ్లి, ఆ తరవాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరింది. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మారింది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలి, దాని మండలంలోని మిగతా గ్రామాలు అవతలికి పోయాయి. ఊరిని ఆనుకునే ఉన్న ఎటపాకను ముందు తూర్పు గోదావరిలో చేర్చి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇచ్చారు. రాముడి గుడి నడిచి వెళ్లేంత దగ్గరున్న ఆ ఊరికి అప్పుడు జిల్లా కేంద్రం కొండల అవతల పాడేరు.