చవక రంగుల రీలు కథ

తాతగారి కాలం నాటి కెమెరాలో ఏ రీలు వేయాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఒక్కటే: అన్నిటికన్నా చవకగా దొరికే కలర్ నెగటివ్ రీలు. డబ్బు మిగులుతుందని మాత్రమే చెప్పే మాట కాదిది. ఆ రీలును తయారు చేసిందే అలాంటి కెమెరాల కోసం. వెలుతురు కొలిచే మీటరు ఉండదు. షట్టరుకు ఒకటో రెండో వేగాలు. ఎండా నీడా చూసుకోకుండా నొక్కేసే చెయ్యి. ఈ లోపాలన్నిటినీ భరించేలా ఆ రీలును దశాబ్దాలపాటు తీర్చిదిద్దారు. చవక రీలంటే నాసిరకం రీలనే అభిప్రాయం చాలామందిలో ఉంది. దాని పుట్టుక తెలిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

మొదట్లో రంగు ఫోటో ఉన్నవాళ్ల సరదా. ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు 1907లో అమ్మకానికి తెచ్చిన ఆటోక్రోమ్ ఒక గాజు పలక. దాని మీద రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులు పరిచేవారు. మంచి ఎండలో కూడా సెకన్ల తరబడి కదలకుండా ఉంటేనే బొమ్మ పడేది. చేత్తో పట్టుకుని తీసే కెమెరాకు అది పనికిరాలేదు.

మన కథ అసలు మొదలయ్యేది 1912లో, బెర్లిన్‌లో. రుడాల్ఫ్ ఫిషర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. వెలుతురు తగిలిన వెండి లవణం డెవలపర్ అనే కడిగే రసాయనంలో వెండిగా మారేటప్పుడు డెవలపర్ కూడా మార్పు చెందుతుంది. అలా మారిన డెవలపర్‌తో కలిసి రంగునిచ్చే పదార్థాన్ని ఫిల్ములోనే ముందుగా ఉంచితే? ఎంత వెండి ఏర్పడితే అక్కడ అంత రంగు పుడుతుంది. ఆ తర్వాత వెండిని తొలగిస్తే రంగు మాత్రమే మిగులుతుంది. ఆ పదార్థాలకు కప్లర్లని పేరు. ఇప్పుడు దొరికే ప్రతి కలర్ నెగటివ్ రీలూ ఈ సూత్రం మీదే పనిచేస్తోంది. ఫిషర్ కాలంలో మాత్రం అది కాగితం మీదే ఆగిపోయింది. ఒక పొరలో ఉంచిన కప్లర్లు పక్క పొరలోకి పాకిపోయి రంగులు కలగాపులగమయ్యేవి.

ఆ చిక్కును కొడాక్ పక్కదారిన దాటింది. 1935లో వచ్చిన కొడాక్రోమ్‌లో కప్లర్లను ఫిల్ములో పెట్టకుండా, కడిగే రసాయనాల్లో కలిపారు. రంగులు అద్భుతంగా వచ్చాయి, పేరూ వచ్చింది. కానీ కడగడం బోలెడు దశల తతంగం. ఊళ్లో స్టూడియో వాళ్లు చేయగలిగిన పని కాదు.

మరుసటి ఏడే జర్మనీలోని వుల్ఫెన్‌లో ఆగ్ఫా కంపెనీ శాస్త్రజ్ఞులు అసలు ముడి విప్పారు. కప్లర్ అణువుకు పొడవాటి కర్బన గొలుసు తగిలించారు. లంగరు వేసిన పడవలా ఆ అణువు తన పొరలోనే నిలిచిపోయింది. దాంతో మూడు పొరల్లోని మూడు రంగులూ ఒకే తొట్టిలో, ఒకేసారి తేలడం సాధ్యమైంది. కీర్తి కొడాక్రోమ్‌కు దక్కింది గానీ, చవక రీలు పుట్టింది మాత్రం వుల్ఫెన్‌లోనే అని నేను నమ్ముతాను.

దాన్ని ప్రపంచమంతా పంచింది యుద్ధం. 1945లో జర్మనీ ఓడిపోయాక మిత్రరాజ్యాల బృందాలు ఆగ్ఫా పద్ధతుల వివరాలు సేకరించి నివేదికలుగా ప్రచురించాయి. పేటెంట్ల కాపలా పోయింది. వేరే దేశాల కంపెనీలు ఆ దారిలో తమ ఫిల్ములు తయారు చేసుకున్నాయి. బెల్జియంలో గేవర్ట్ కంపెనీ తెచ్చిన గేవాకలర్ వాటిలో ఒకటి. 1963లో విడుదలైన ‘లవకుశ’, తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం, తీసింది ఆ గేవాకలర్‌లోనే. మనవాళ్లు బండ్లు కట్టుకుని వెళ్లి చూసిన ఆ రంగుల వెనక వుల్ఫెన్ రసాయనశాల ఉంది. ఆ వుల్ఫెన్ తర్వాత తూర్పు జర్మనీలోకి వెళ్లి, 1964 నుంచి ఓర్వో పేరుతో ఫిల్ము తయారు చేసింది. ఓర్వో మన దేశానికీ బాగానే దిగుమతి అయింది.

యుద్ధకాలంలో కొడాక్ కూడా ఊరుకోలేదు. 1942లో కొడాకలర్ తెచ్చింది. కప్లర్లను సన్నని నూనె బొట్లలో బంధించి పొరల్లో నిలిపింది. ఇది నెగటివ్, అంటే దీన్నుంచి కాగితం మీద ఎన్ని ప్రింట్లయినా వేసుకోవచ్చు. కలర్ నెగటివ్ ఎందుకు నారింజ రంగులో ఉంటుందో చాలామందికి ఆశ్చర్యం. ఫిల్ములో పుట్టే రంగులు పూర్తిగా శుద్ధమైనవి కావు. ఒక రంగు తనది కాని వెలుతురును కూడా కాస్త పీల్చుకుంటుంది. 1940ల్లో కొడాక్ శాస్త్రజ్ఞుడు హాన్సన్ కప్లర్లకే లేత రంగునిచ్చి ఆ దోషాన్ని సరిదిద్దాడు. మిగిలిన ఆ లేత రంగే మనకు కనిపించే నారింజ తెర.

1954 దాకా అమెరికాలో కొడాక్ తన కలర్ రీలు ధరలోనే కడిగే ఖర్చునూ కలిపి అమ్మేది. ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందంతో ఆ రెంటినీ విడదీయాల్సి వచ్చింది, బయటి ల్యాబులకు తలుపు తెరుచుకుంది. 1963లో కొడాక్ వారి సులువైన ఇన్‌స్టామాటిక్ కెమెరా వచ్చింది. 1970 నాటికి 5 కోట్లకు పైగా తయారయ్యాయి. లాభమంతా రీలు అమ్మకంలోనే, ఫోటో చెడితే కొన్న మనిషి మళ్లీ రీలు కొనడు. అందుకే తప్పులు కాసే రీలు కంపెనీకే అవసరమైంది. 1972లో సీ-41 అనే కడిగే పద్ధతి వచ్చింది. 37.8 డిగ్రీల డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. పోటీ కంపెనీలు కూడా తమ రీళ్లను ఆ పద్ధతికే సరిపోయేలా మార్చుకున్నాయి. ఏ కంపెనీ రీలైనా ఒకే తొట్టిలో కడగొచ్చు గనుక ధరలు దిగాయి.

మన ఊళ్లలో స్టూడియో వాళ్లు నలుపు తెలుపు రీళ్లను చీకటి గదిలో చేత్తోనే కడిగేవారు, కావాలంటే బొమ్మకు చేత్తోనే రంగులద్దేవారు. కలర్ రీలుకు అంత కచ్చితమైన వేడి నిలబెట్టడం కష్టం గనుక పెద్ద ఊరికి పంపాల్సి వచ్చేది. జపాన్‌లో నోరిట్సు వంటి కంపెనీలు 1970ల చివర్లో చిన్న ల్యాబ్ యంత్రాలు తెచ్చాక పరిస్థితి మారింది. 1980, 90ల్లో కొడాక్, ఫ్యూజీ, కోనికా బోర్డులతో కలర్ ల్యాబులు చిన్న పట్టణాలకూ వచ్చాయి. పెళ్లి ఆల్బమ్ రంగులమయం అయింది అప్పుడే.

ఆ రీలుకు ఇంత ఓర్పు ఎక్కడిది? ఒక్కో రంగు పొరనూ చురుకైనది ఒకటి, మందకొడిది ఒకటి చొప్పున చీల్చి పూస్తారు. వెలుతురు తక్కువైతే చురుకైన పొర పట్టుకుంటుంది, ఎక్కువైతే మందకొడి పొర ఆదుకుంటుంది. మిగతా తేడా ప్రింటులో సరిచేస్తారు. కావలసిన దానికి నాలుగింతలు, ఒక్కోసారి ఎనిమిదింతలు వెలుతురు పడినా బొమ్మ దక్కుతుంది. తెర మీద వేసి చూసే స్లయిడ్ ఫిల్ముకు ఈ ఓర్పు లేదు. 1986లో ఫ్యూజీ ఒకసారి వాడి ఇచ్చేసే కెమెరాను అమ్మగలిగింది కూడా ఈ గుణం వల్లే. అందులో మార్చుకోవడానికి ఏమీ లేదు, భారమంతా రీలుదే.

కాబట్టి అటక మీది పాత కెమెరాకు ఇదే తగిన జోడీ. డబ్బా కెమెరాల్లో వేసే 120 సైజు 1901లో పుట్టి ఇప్పటికీ బతికే ఉంది. 2022లో కొడాక్ తన గోల్డ్ 200 రీలును ఆ సైజులో కూడా తెచ్చింది. వాడే ముందు కొన్ని చూసుకోవాలి. కెమెరా వెనక ఎర్రద్దపు కిటికీ ఉంటే దాని మీద నల్లటి టేపు అంటించండి. ఎరుపు కనబడని పాతకాలపు ఫిల్ము కోసం పెట్టిన కిటికీ అది, నేటి రీలు ఎరుపును కూడా చూస్తుంది. ఎన్నో బొమ్మో తెలిపే అంకె చూడాల్సినప్పుడు నీడలో నిలబడి టేపు ఎత్తండి. మడతల తిత్తి ఉన్న కెమెరా అయితే చీకట్లో లోపల టార్చి పెట్టి చిల్లులు వెతకండి. పాదరసం బ్యాటరీతో నడిచిన మీటరును ఇప్పటి బ్యాటరీతో నమ్మొద్దు. అది వెలుతురును ఎక్కువ చేసి చూపి, రీలు మీద తక్కువ పడేలా చేస్తుంది. చవక రీలు భరించలేనిది వెలుతురు తక్కువ కావడమే. నీడలు బురదలా తేలి, గరుకుతనం బయటపడుతుంది. సందేహం వస్తే ఎక్కువే పడనివ్వండి. లెన్సుకు పూత లేకపోతే సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోండి.

మన ఎండలకు రీలు త్వరగా చెడుతుంది. వాడేదాకా ఫ్రిజ్‌లో ఉంచండి, తీసిన వెంటనే కడిగించండి. ల్యాబ్ వాళ్లు స్కాన్ చేసి ఫోనుకు బొమ్మలు పంపి ఊరుకుంటే ఒప్పుకోకండి. నెగటివ్‌లు అడిగి ఇంటికి తెచ్చుకోండి.