వయ్యారిభామకు శత్రువు దొరికిన కథ

రెండు గట్టి వానలు పడ్డాక తాండూరు వైపు కంది చేల గట్ల మీదో, నాపరాతి గనుల పక్కన పోసిన మట్టిగుట్టల మీదో ఒకసారి వంగి చూడండి. క్యారెట్ ఆకులాంటి ఆకు, నెత్తిన బియ్యపు నూకలు చల్లినట్టు తెల్లటి పూలు. వయ్యారిభామ. కొన్ని మొక్కల ఆకులు జల్లెడపడి ఉంటే, ఆకు తిప్పండి. కందిగింజంత పెంకు పురుగు దొరకొచ్చు. మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ రంగు వంకర గీతలు ఉంటాయి.

ఆ మొక్కా మనది కాదు, ఆ పురుగూ మనది కాదు. రెండింటికీ మెక్సికో పుట్టిల్లే. మొదటిది చెప్పాపెట్టకుండా దిగింది. రెండోదాన్ని మనమే పిలిపించుకున్నాం.

వయ్యారిభామ అమెరికా గోధుమలతో వచ్చిందని, అదీ పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం పథకం గోధుమలతోనని ఊరూరా చెప్పుకుంటారు. తేదీలు చూస్తే లెక్క కుదరదు. పీఎల్-480 కింద మన దేశం తొలి ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. పుణెలో ఈ మొక్క 1955లోనే కంటబడింది. దాన్ని దేశానికి కొత్త మొక్కగా 1956లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించినవారు ఆర్.ఎస్. రావు అనే వృక్షశాస్త్రవేత్త. అమెరికా గోధుమలు అంతకు ముందు 1951లో అప్పు మీద కూడా వచ్చాయి కాబట్టి గింజ గోధుమతో రాలేదని కొట్టిపారేయలేం. కానీ నేరమంతా పీఎల్-480 నెత్తిన రుద్దడం మాత్రం న్యాయం కాదు.

ఎలా వచ్చిందన్న దానికంటే వచ్చాక ఎలా పాతుకుపోయిందన్నది పెద్ద కథ. మొలిచిన నెలా నెలన్నరకే పూస్తుంది. ఒక్కో పూగుత్తిని వేళ్ల మధ్య నలిపి చూస్తే అయిదు గింజలుంటాయి. అలా ఒక మొక్క 15,000కు పైగా గింజలు రాల్చగలదు. లారీ టైరుకు, పశువు డెక్కకు, వాననీటికి అంటుకుని అవి ఊళ్లు దాటుతాయి. మొక్కలోని పార్థెనిన్ అనే విషం పక్క మొక్కల్ని ఎదగనివ్వదు, మనిషి ఒంటి మీద దద్దుర్లు రేపుతుంది. పశువు మూతి పెట్టదు. మెక్సికోలో దీన్ని కొరికే పురుగులు వందల రకాలున్నాయి. ఆ శత్రువులనందరినీ అక్కడే వదిలి, ఒక్క గింజే ఓడెక్కి వచ్చింది.

నేల మీదే కాదు, నీళ్లలోనూ ఇదే తంతు. అమెరికా తూర్పు తీరంలో దువ్వెన జెల్లీ అనే జీవి ఉంది. అరచేతిలో పట్టే గాజుబుడగలా ఉంటుంది. ఒంటి మీద ఎనిమిది వరుసల దువ్వెన పళ్లు, వాటిని కదుపుతూ ఈదుతుంది. ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి. తోడు లేకుండానే రోజుకు వేల గుడ్లు పెట్టగలదు. ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లలో దాక్కుని అట్లాంటిక్ దాటింది. 1982లో నల్ల సముద్రంలో కనబడింది. చేపగుడ్లను, చేపపిల్లల మేతను ఊడ్చేసింది. 1980ల చివరికొచ్చేసరికి అక్కడి జాలర్ల వలల్లో నెత్తళ్లు అడుగంటిపోయాయి. 1997లో బెరోయి అనే ఇంకో దువ్వెన జెల్లీ ఆ సముద్రంలో ప్రత్యక్షమైంది. దాని తిండి ఈ మొదటి జెల్లీయే. ఎవరూ పిలవకుండానే శత్రువు వచ్చి చేరింది, ఉధృతి తగ్గింది.

అలాంటి అదృష్టం కోసం మనం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఆస్ట్రేలియా 1980లోనే మెక్సికో నుంచి ఈ పెంకు పురుగును తెప్పించుకుంది. దాని పేరు జైగోగ్రామా బైకొలొరేటా. 1983లో అది బెంగళూరు చేరింది. కె.పి. జయంత్, ఆయన తోటి శాస్త్రవేత్తలు దాన్ని తలుపులు బిగించిన గదుల్లో ఉంచి పంట మొక్కల్ని ఒక్కొక్కటిగా ముందు పెట్టి చూశారు. ఆకలితో మాడినా పంట జోలికి పోదన్న నమ్మకం కుదిరాకే 1984లో బయటికి వదిలారు. కొన్నేళ్లకు బెంగళూరు చుట్టుపక్కల వయ్యారిభామ మోడై నిలబడింది.

అంతలో పిడుగులాంటి వార్త. 1990ల మొదట్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకుల మీద ఇదే పురుగు కనబడింది. రెండు మొక్కలూ ఒకే కుటుంబానివి. నూనెగింజల రైతు గుండె గుభేలుమంది. పురుగుల విడుదల ఆపేశారు, విచారణ కమిటీ వేశారు. మందే రోగమైందని అందరూ అనుకుంటున్న సమయంలో శాస్త్రవేత్తలు ఆ ఆకుల్ని దగ్గరగా చూశారు. గట్టు మీది వయ్యారిభామ పుప్పొడి గాలికి ఎగిరి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడుతోంది. ఆ పుప్పొడి తగిలినచోటే పురుగు కొరుకుతోంది! ఆ పంట మీద బతికి సంతానం పెంచుకోవడం దానికి చేతకాదు. తప్పు పురుగుది కాదు, గట్టున కలుపు వదిలేసిన మనది.

అయితే ఈ పురుగు సర్వరోగ నివారిణి కాదు. ఎండాకాలమంతా మట్టిలో నిద్రపోయి వానలకు లేస్తుంది. అది లేచి పిల్లల్ని చేసేలోగా కలుపు ఓ అడుగు ముందే ఉంటుంది. నీటి తడి ఉన్నచోట యాసంగిలోనూ మొక్క మొలుస్తుంది, అప్పుడు పురుగు ఉండదు. మిగతా పని మన చేతులదే.

అందుకే వికారాబాద్, తాండూరు రైతులకు రెండు మాటలు. తెల్ల పూవు విచ్చకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకండి. ఆకు జల్లెడైన మొక్క కనిపిస్తే మాత్రం దాని మీద మందు కొట్టకండి. అక్కడ మీ కూలీ ఒకటి ఇప్పటికే పనిలో ఉంది.