'ప్రబుద్ధుడు' తిట్టు ఎట్లయింది?

డోన్ జంక్షన్‌లో రాత్రిపూట గుంటూరు బండి కోసం కాచుకున్న సుగ్గి కూలీల మధ్య ఒక మాట వినబడుతుంది: "నిద్దర పోవాకు నాయనా, మెలకువగా ఉండు." మూట పోకూడదు, బండి తప్పకూడదు, కూలి మాట్లాడే మేస్త్రీ చేతిలో మోసపోకూడదు. ఇన్నిటికీ కలిపి ఆ ఒక్క మాటే. మెలకువ అంటే నిద్ర లేకపోవడమే కాదు, జాగ్రత్త కూడా, పనిలో ఒడుపు కూడా.

అమెరికా నల్లవాళ్ల 'వోక్' అచ్చం ఇట్లాంటి మాట. బడి వ్యాకరణంలో అది 'మేల్కొన్నాడు' అని చెప్పే భూతకాల క్రియ. నల్లవాళ్ల నోట అది మనిషి ఉండాల్సిన స్థితి అయింది. దాని చరిత్రలో కూడా ఒక రైలుంది. 1931 మార్చి 25న అలబామాలో గూడ్సు రైలెక్కిన తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్లను పెయింట్ రాక్ అనే ఊళ్లో దింపి, ఇద్దరు తెల్ల ఆడవాళ్లను చెరిచారని కేసు పెట్టారు. స్కాట్స్‌బరో కోర్టు ఎనిమిదిమందికి మరణశిక్ష వేసింది. తొమ్మిదోవాడు ఇంకా చిన్నపిల్లవాడు. 1933లో ఆ ఇద్దరిలో ఒకామె అదంతా అబద్ధమని కోర్టులోనే చెప్పింది. అయినా మళ్లీ శిక్షలు పడ్డాయి. ఉరి అమలు కాలేదు గానీ వాళ్ల వయసంతా జైళ్లలో కరిగింది. ఆఖరి ముగ్గురికి క్షమాభిక్ష దొరికింది 2013లో, వాళ్లు చనిపోయాక! గాయకుడు లెడ్ బెల్లీ 1938లో ఈ కేసు మీద పాట రికార్డు చేస్తూ, ఆ దారిన పోయే నల్లవాళ్లు వోక్‌గా ఉండాలని, కళ్లు తెరుచుకొని పోవాలని హెచ్చరించాడు. అంటే వోక్ సిద్ధాంతంగా పుట్టలేదు. ప్రాణంతో ఇల్లు చేరే మెలకువగా నిలబడింది.

1962లో నల్ల రచయిత విలియం మెల్విన్ కెల్లీ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. నల్లవాళ్ల మాటల్ని తెల్లవాళ్లు ఎత్తుకుపోవడం గురించిన ఆ వ్యాసం శీర్షికలోనే వోక్ ఉంది. 2014లో ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్‌ను పోలీసు కాల్చి చంపాక ఆ మాట ఊరేగింపుల్లో మోగింది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది. ఆ తర్వాత వెటకారమైంది. 2022లో ఫ్లోరిడా రాష్ట్రం, జాతి వివక్ష గురించి తరగతుల్లో, ఉద్యోగ శిక్షణల్లో ఏం చెప్పాలో కట్టడి చేస్తూ తెచ్చిన చట్టానికి 'స్టాప్ వోక్' అనే పేరు పెట్టుకుంది. నిఘంటువు నుంచి నిషేధానికి అయిదేళ్లు.

అమెరికా గోల మనకెందుకు అనేవాళ్లుంటారు. మన ఇంట్లోనే ఉంది మరి. అంబేద్కర్ 1956 ఫిబ్రవరిలో తన 'జనత' పత్రిక పేరును 'ప్రబుద్ధ భారత్' అని మార్చాడు. అదే ఏడు అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం తీసుకున్నాడు. ప్రబుద్ధుడు అంటే బాగా మేలుకున్నవాడు. బుద్ధుడన్నా మేలుకున్నవాడే. మరి తెలుగులో? "ఈ ప్రబుద్ధుడు చేసిన నిర్వాకం చూడండి" అంటాం. ఏమీ తెలియనట్టు కూర్చున్నవాణ్ణి 'బుద్ధావతారం' అంటాం. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మీద మేలుకున్నవాడి పేరు ఒకచోట తిట్టు, ఇంకోచోట ఎగతాళి. అనేవాళ్లందరికీ దురుద్దేశం ఉందనను. నేనూ ఎన్నోసార్లు అన్నా. మొదట ఎవరు అన్నారనేది కాదు నా ప్రశ్న, అది ఎవరికి పనికొచ్చింది అని. బౌద్ధాన్ని వెళ్లగొట్టిన సమాజంలో ఆ ఎగతాళి ఊరికే నిలబడిందంటే నమ్మను.

ఇంకొక పేచీ మనవాళ్లతోనే. సభల్లో వోక్‌ను 'చైతన్యవంతుడు' అని తెలుగు చేస్తున్నారు. 'ప్రజల్ని చైతన్యపరచాలి' అన్నప్పుడు ఒకడు నిద్రపోతున్నాడని, లేపే పెద్దమనిషి ఇంకొకడున్నాడని ముందే ఒప్పుకున్నట్టు. కోడి కూయకముందే లేచి పనికిపోయే మాలమాదిగలను లేపేదెవరు? గుళ్లో మేలుకొలుపు పాడేది దేవుడికి, ఆ గుళ్లోకి మనల్ని రానియ్యలేదు. ఊరి పెద్దల కబురు చాటడానికి మాత్రం మాదిగ డప్పు కావాలి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ఆ వెట్టి చాటింపు పేరునే, దండోరా అని, తన పేరు చేసుకుంది. పరాయి కబురు మోసిన డప్పు సొంత కబురు చెప్పింది.

అందుకే నేను తెలుగు చేస్తే 'మెలకువగా ఉండు' అనే రాస్తా. తోటికూలీ తోటికూలీకి చెప్పే మాట అది. ప్రబుద్ధుణ్ణి తిట్టుగా వాడటం కూడా మానేశా. స్నేహితులు కొందరు దీనికి నవ్వుతున్నారు, నన్నే ప్రబుద్ధుడు అంటున్నారు.