బాల్సా నమూనా యుద్ధవిమానం

బాల్సా నమూనా యుద్ధవిమానం అనగా స్పిట్‌ఫైర్ వంటి యుద్ధవిమానాన్ని పోలి, బాల్సా అనే తేలికైన కర్రతో చేసి, రేడియో సంకేతాలతో నడిపే చిన్న విమానం. ఈ కర్ర ముఖ్యంగా ఈక్వడార్ నుండి ఎగుమతి అవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిషు మస్కిటో విమానంలోనూ దీనిని వాడారు.

నిర్మాణం

పటం ప్రకారం పలకలను కోసి, రెక్కల రిబ్బులను పొడవాటి దూలానికి జిగురుతో అతికించి, పైన పలుచని ప్లాస్టిక్ పొర కప్పుతారు. గురుత్వ కేంద్రం రెక్క ముందు అంచు నుండి దాని వెడల్పులో సుమారు నాలుగవ వంతు దూరాన ఉండాలి. మరీ వెనుకకు జరిగితే విమానం అదుపు తప్పుతుంది.

ఎగురవేయుట

కర్నూలు, కడప జిల్లాల తీవ్రమైన ఎండకు పొర వదులై ముడతలు పడవచ్చు. కడపలో 2015లో, కర్నూలు సమీపాన ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయాలు ప్రారంభమయ్యాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయ సరిహద్దుకు 8 కిలోమీటర్లలోపు అనుమతి లేకుండా ఎగురవేయరాదు.