పాట పట్టిస్తే దొరికిన పురుగు

పేనుబంకను తినే మిత్రపురుగుగా రైతులకు చెప్పే అల్లిక రెక్కల పురుగుకు మన వ్యవసాయ పుస్తకాల్లో చాలాకాలం ‘క్రైసోపెర్లా కార్నియా’ అన్న పేరే ఉండేది. మన పొలాల్లో సాధారణంగా కనిపించేది అసలు ఆ జాతే కాదని 2010లో తేల్చారు.

ఈ చిక్కు చాలా పాతది. 1758లో లిన్నేయస్ ఈ కోవ పురుగులను హెమెరోబియస్‌లో చేర్చాడు. 1815లో లీచ్ ‘క్రైసోపా’ ప్రజాతిని నెలకొల్పాడు. స్టీఫెన్స్ 1836లో కార్నియాకు పేరు పెట్టింది కూడా అందులోనే. పచ్చటి ఒళ్లు, వల లాంటి రెక్కలు ఉన్నవాటినల్లా ఆ ప్రజాతిలోకే తోశారు. హంగేరీ శాస్త్రవేత్త స్టైన్‌మన్ 1964లో గాని ‘క్రైసోపెర్లా’ను విడదీయలేదు.

విడదీయడం సబబే. క్రైసోపా పురుగులు రెక్కలు వచ్చాక కూడా వేటాడతాయి. క్రైసోపెర్లా పెద్దవి మాత్రం పుప్పొడి, మకరందం, పేనుబంక విసర్జించే తేనెబంకతో సరిపెట్టుకుంటాయి. వేటంతా పిల్లపురుగుదే. కొడవలి దవడలను పేనుబంక ఒంట్లో గుచ్చి, జీర్ణరసం వదిలి, లోపల కరిగినదాన్ని పీల్చేస్తుంది. ఆకలేస్తే తోబుట్టువులనూ వదలదు. అందుకే కాబోలు, తల్లి ఒక్కో గుడ్డునూ సన్నటి కాడ కొసన విడిగా నిలబెడుతుంది. మూడు దశలు దాటిన పిల్లపురుగు పట్టుగూడు అల్లుకుంటుంది. ఆ దారం వచ్చేది నోటినుంచి కాదు, వెనకనుంచి!

అసలు తిరకాసు కార్నియా దగ్గరే. రూపంలో ఒకేలా ఉన్నవి నిజానికి పలు జాతులని అమెరికాలో చార్లెస్ హెన్రీ, ఆయన సహచరులు చూపించారు. ఆడామగా పొట్టను కదిలిస్తే ఆ ప్రకంపనలు ఆకు గుండా, కాండం గుండా అవతలి జీవికి చేరతాయి. మన చెవికి అందని పాట అది. బాణీ కలిస్తేనే జత కడతాయి. ప్రయోగశాలలో కొన్ని జాతులకు సంకర సంతానం కలిగినా, బయట వాటిని వేరుగా ఉంచుతున్నది ముఖ్యంగా ఈ పాటే. మ్యూజియంలో సూదికి గుచ్చిన పురుగు పాడదు కదా, పాతవారిని తప్పుపట్టలేం.

మన పురుగునూ అలాగే విన్నారు. అది దక్షిణాఫ్రికాలోని క్రైసోపెర్లా జాస్ట్రోవి జాతికి ఉపజాతి అని తేలింది, పేరు సిల్లెమి. దాన్ని ఎస్బెన్-పీటర్సన్ 1935లోనే వర్ణించాడు. ఐరోపా కార్నియా చలికాలంలో గుడ్లు పెట్టడం ఆపి గోధుమరంగుకు తిరుగుతుంది. అక్కడి జీవితచక్రాన్ని మన పత్తిచేలో పురుగుకు అలాగే అంటగట్టలేం. కార్నియా పేరుతో ఇక్కడ అచ్చయిన పాత వ్యాసాలను ఇప్పుడు చదివేటప్పుడు ఆ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం వేసుకోవాల్సిందే.